తొలకరి దాకా మోసిన మొక్కలు

ఆ ఆదివారం పొద్దున విశాలాక్షికి మంచం దిగబుద్ధి కాలేదు. దిగక తప్పదు గనక దిగింది. నేల మీద పాదం మోపగానే మోకాలు కలుక్కుమంది. ఫాల్గుణం వచ్చిందంటే చాలు, తెనాలి మిద్దెతోటల సంఘానికి సందడి మొదలవుతుంది. ఆ సందడంతా వచ్చి ఆవిడ మోకాళ్ళ మీదే కూర్చుంటుంది.

సంఘానికి ఆవిడ ఏడేళ్ళుగా కార్యదర్శి. పేరుకు కార్యదర్శి గానీ కుర్చీలు తెప్పించేదీ, విత్తనాల పొట్లాల మీద పేర్లు రాసేదీ, వాట్సాప్ గ్రూపులో "మా గులాబీకి ఆకులు ముడుచుకున్నాయండి, ఏం చెయ్యాలి?" అన్నవాళ్ళకి బదులిచ్చేదీ అన్నీ ఆవిడే. పగలు కొలకలూరు హైస్కూల్లో సైన్సు పాఠాలు. సాయంత్రం ఇవి. యాభై ఏడేళ్ళు నిండాయి. భర్త గురునాథం రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన ఒకటి రెండుసార్లు "ఎందుకే ఈ తాపత్రయం?" అని అడిగి, జవాబు రాకపోయేసరికి అడగడం మానేశాడు.

ఆ రోజు విత్తనాల పంచుకోలు. ఏటా ఉగాదికి ముందొచ్చే ఆదివారం సభ్యులంతా పార్కులో కలుస్తారు. సొర విత్తనాలు తెచ్చినవాళ్ళు బీర విత్తనాలు పట్టుకెళతారు. గోంగూర తెచ్చినవాళ్ళు చిక్కుడు అడుగుతారు. ఎనిమిదింటికల్లా అరవై మంది చేరారు. ఒకావిడ వచ్చీ రాగానే, "మేడం, పోయినేడు మీరిచ్చిన కాకర ఒక్కటీ మొలవలేదండి" అంది. అదే డబ్బాలోంచి తీసుకెళ్ళిన మరో ఆవిడ ఇంట్లో కాకర పందిరికి పట్టనన్ని కాసింది. ఆ సంగతి చెప్పే ఓపిక లేక విశాలాక్షి, "మళ్ళీ తీసుకెళ్ళండి" అని ఇంకో పొట్లం చేతిలో పెట్టింది.

పదింటికి అధ్యక్షుడు రఘురామ్ మైకు పుచ్చుకున్నాడు. ఆయన పళ్ళ డాక్టరు. మనిషి మంచివాడే. ఎక్కడికెళ్ళినా నవ్వుతూ ఉంటాడు, నలుగురినీ పోగేస్తాడు. పోగేసినాక ఏం చెయ్యాలన్నది మటుకు కార్యదర్శి చూసుకోవాలి.

"పోయినేడు బాపట్ల దగ్గర ఇసుకపాలెంలో మన సంఘం రెండొందల మొక్కలు పంచింది. పేపర్లో కూడా వచ్చింది. ఈ ఏడు మూడొందలు పంచుదాం. ఉగాది వెళ్ళిన రెండో ఆదివారం. బస్సు మాట్లాడదాం. బ్యానరు, అతిథులు, భోజనాలు... అన్నీ మన విశాలాక్షిగారు చూసుకుంటారు!" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. విశాలాక్షి చేతిలో బెండ విత్తనాల పొట్లం ఉంది, అందుకని కొట్టలేదు.

ఆవిడ గొంతులోకి ఒక మాట వచ్చింది. పోయినేడూ సరిగ్గా ఇక్కడే వచ్చింది. చైత్రంలో, సముద్రపు ఇసుకలో, నీళ్ళు లేని చోట మొక్క నాటితే ఏమవుతుందో ఎనిమిదో తరగతి పిల్లలకి ఏటా ఆవిడే చెబుతుంది. ఆ మాట అంటే అందరూ తలా ఒకటి మాట్లాడతారు. ఇంకో మీటింగు పెట్టమంటారు. ఆ మీటింగు కూడా తనే పెట్టాలి. అందుకని పోయినేడు మింగేసింది. ఈ ఏడూ మింగేసింది.

మింగినా అది లోపలికి దిగలేదు. రెండు రోజులు అన్నం తింటున్నా, పాఠం చెబుతున్నా అక్కడే ఆగి ఉంది. మూడో రోజుకి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం బడి వదలగానే ఆటో ఎక్కి తెనాలి స్టేషనుకొచ్చి, బాపట్ల వైపు వెళ్ళే పాసింజరు ఎక్కింది. ఇంటికి ఫోన్ చేసి, "ఇసుకపాలెం దాకా వెళ్ళొస్తా. మొక్కలెట్లా ఉన్నాయో చూడాలి" అని చెప్పింది.

"అన్నం తిన్నావా?" అన్నాడు గురునాథం.

"దిగి తింటాలే."

నిడుబ్రోలు దాటే దాకా నిలబడే ఉంది. తర్వాత కిటికీ పక్కన చోటు దొరికింది. బాపట్లలో దిగి రెండు ఇడ్లీలు తిని, ఆటో మాట్లాడుకుని పాలెం చేరేసరికి మూడు దాటింది. సముద్రపు గాలి ఉప్పగా, వేడిగా కొడుతోంది. ఇళ్ళ ముందు వలల మీద చేపలు ఎండేశారు. రెండు వరసల ఇళ్ళ మధ్య పోయినేడు తాము కట్టిన వెదురు దడులు కనిపించాయి. కొన్ని పడిపోయాయి. నిలబడ్డవాటిలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఒక దడికి మాత్రం సంఘం పేరున్న రేకు ఇంకా వేలాడుతోంది.

ఎండు చేపల్ని తిరగేస్తున్న ఒకావిడ తలెత్తి చూసింది. యాభై ఏళ్ళుంటాయి. పేరు కోటమ్మ. పోయినేడు మొక్కలు పంచినరోజు ఆడవాళ్ళందరినీ పిలుచుకొచ్చింది ఆవిడే. విశాలాక్షిని గుర్తుపట్టి చప్పున లేచింది.

"మొక్కలమ్మగారా! ఏంటమ్మా, ఇట్టా ఒక్కరే వచ్చారు? కబురన్నా చెయ్యలేదే!"

"ఊరికే వచ్చానమ్మా. మొక్కలు చూద్దామని."

కోటమ్మ మొహం మారింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ అటూ ఇటూ చూసింది.

"ఉన్నయ్యమ్మా, బానే ఉన్నయ్యి. అటేపు, గుడి ఎనకాల ఇళ్ళకాడ ఉన్నయ్యి. ఇప్పుడు ఎండ కదా, మీరెందుకు నడవటం? కూర్చోండి, టీ పెడతా."

ఆ గొంతులో తడబాటు విశాలాక్షికి బాగా తెలుసు. హోంవర్కు ఇంట్లో మర్చిపోయి వచ్చానని చెప్పే పిల్లల గొంతు అట్లాగే ఉంటుంది. అయినా గుడి వెనక్కి నడిచింది. కోటమ్మ వెనకాలే వచ్చింది. అక్కడా అంతే. ఒక ఇంటి వాకిట్లో ఎండిన గులాబీ కట్టె మాత్రం మిగిలి ఉంది. దానికి ఎవరో పసుపు దారం కట్టారు.

"ఇది మా అబ్బాయి ఇల్లే. మా కోడలు కట్టిందమ్మా, బతకాలని," అంది కోటమ్మ. ఇక దాచలేక ఆ ఇంటి అరుగు మీద కూలబడింది. "అబద్ధమాడాను, ఏమీ అనుకోవాకండి. ఒక్కటీ బతకలేదు. మీరు అంత దూరం నుంచి తెచ్చి, దణ్ణాలు పెట్టి మరీ ఇచ్చారు. మాకు చేతకాలా. మళ్ళీ వస్తే ఏం మొహం పెట్టుకుని చెప్పాలా అని ఏడాది నుంచి సిగ్గుతో చస్తన్నాం."

విశాలాక్షి ఆవిడ పక్కనే కూర్చుంది.

"నీళ్ళు పోశారా?" అంది.

"పోయకేం! ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తది. ఇంటికి ఆరు బిందెలు. అందులో ఒక బిందె మొక్కకే. మా కోడలు తేజస్విని స్నానం చేసిన నీళ్ళు, బియ్యం కడుగు నీళ్ళు అన్నీ దానికే పోసేది. మే నెలలో ట్యాంకరు వారం రోజులు రాలా. తాగటానికే లేవు. ఆ వారంలోనే పోయినయ్యి అన్నీ." కోటమ్మ గులాబీ కట్టె వంక చూస్తూ ఆగింది. "ఒక్క మాట అడుగుతా, కోప్పడరుగా?"

"అడుగు."

"ఎవరన్నా మొక్క తొలకరికి నాటుతారు గానీ ఎండలు ముదిరేముందు నాటుతారా అమ్మా? మేం సముద్రం మీద బతికేవాళ్ళం, మాకేం తెలుసు, చదువుకున్నవాళ్ళకి తెలుసుగదా అనుకున్నాం. మా అత్త అప్పుడే అంది, ఇవి బతకవే అని. నేనే నోరు మూయించా."

విశాలాక్షికి చెంప మీద కొట్టినట్టయింది. కొట్టిన మనిషికి కొట్టానని కూడా తెలియదు.

"మీ అత్తగారు చెప్పిందే నిజం," అంది నెమ్మదిగా. "తప్పు మీది కాదు కోటమ్మా. నాకు తెలుసు. తెలిసే తెచ్చాను. మా పండగ ఈ నెలలో గనక ఈ నెలలో తెచ్చాం."

కోటమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోపం తెచ్చుకోలేదు. గట్టిగా ఊపిరి వదిలింది. ఏడాదిగా మోస్తున్న తట్ట దించినట్టు భుజాలు జారాయి.

"అయితే మా చేతిలో దోషం లేదంటారు?"

"లేదు."

"తేజస్వినికి చెప్పాలి. దానికి అప్పుడు నెల తప్పింది. మొక్క చస్తే అపశకునం అని ఎన్ని రాత్రుళ్ళు ఏడ్చిందో! పిల్ల పుట్టి సుఖంగానే ఉందిలే, అయినా చెప్పాలి."

కోటమ్మ టీ పెట్టింది. తాగుతూ విశాలాక్షి అడిగింది, "నిజంగా మీకేం మొక్కలు కావాలి?" పోయినేడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గులాబీలు, క్రోటన్లు, మందారాలు తెచ్చి చేతుల్లో పెట్టారంతే.

"నీడమ్మా," అంది కోటమ్మ వెంటనే. "పొద్దుననగా కూర్చుంటాం చేపలు ఏరటానికి. నెత్తి మాడిపోతది. బాదం, కానుగ, ఏదైనా సరే, నీడనిచ్చేది. ఇంటికో మునగ ఉంటే కూరకి పనికొస్తది. అదిగో, ఆ చివర సరుగుడు చూడండి, ఎవరూ నీళ్ళు పోయకుండానే పెరిగింది. ఈ నేల ఎవరిని పెంచుద్దో దానికి తెలుసు."

తిరుగు బండిలో విశాలాక్షి కళ్ళు మూసుకుంది గానీ నిద్ర రాలేదు.

శుక్రవారం సాయంత్రం రఘురామ్ ఆసుపత్రి మేడ మీద కమిటీ కూర్చుంది. వచ్చింది నలుగురే. రఘురామ్, విశాలాక్షి, సంస్కృతం మాస్టారుగా చేసిన వెంకటరాఘవయ్యగారు, రేపల్లె నుంచి బస్సులో వచ్చిన రూబీ. రూబీ అక్కడ నర్సు. తన వీధిలో పదిళ్ళ వాళ్ళ చేత కుండీలు పెట్టించిన ఘనత ఆమెది. మిగతావాళ్ళకి పెళ్ళిళ్ళో, నెప్పులో అడ్డొచ్చాయి.

విశాలాక్షి చూసొచ్చింది చూసినట్టు చెప్పింది. పసుపు దారం సంగతి కూడా దాచలేదు.

రఘురామ్ నవ్వు ఆగిపోయింది. "ఒక్కటీ బతకలేదా?"

"ఒక్కటీ లేదండి."

"మరి అప్పుడే చెప్పకపోయారా మేడం?"

"చెప్పాల్సింది. అలిసిపోయి చెప్పలేదు."

రఘురామ్ లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు.

"అతిథుల్ని పిలిచేశాం. నర్సరీలో మొక్కలు చెప్పేశాం. ఇప్పుడు మానేస్తే మాటలు పడాలి. ఇంకో సంగతి చెప్తా వినండి. నేను ప్రోగ్రాముల పిచ్చివాణ్ణి అనుకుంటారు మీరంతా. ఏడాదికొక్కసారన్నా బస్సెక్కించి తీసుకెళ్ళకపోతే ఈ అరవై మందీ ఉండరండి. నాలుగేళ్ళ క్రితం ఎంతమంది ఉన్నాం? పదకొండు. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి, బతిమాలి పోగేశాను. నాకు మాత్రం అలుపు లేదా?"

ఆ మాట విని విశాలాక్షి ఆయన వంక కొత్తగా చూసింది. ఏడేళ్ళలో ఆయన అలిసిపోగలడని ఆవిడకి తోచనే లేదు.

వెంకటరాఘవయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మొక్కలు ఎప్పుడిస్తే ఏంటయ్యా? ఇవ్వాల్సినప్పుడే ఇద్దాం. ఆషాఢంలో ఇద్దాం," అన్నారు.

"అప్పటిదాకా మూడొందల మొక్కలు ఎవరు సాకుతారు మాస్టారూ? నర్సరీ అతను మూడు నెలలు ఉంచుకోనంటాడు," అన్నాడు రఘురామ్.

"మనమే," అంది రూబీ. "ఇన్ని మిద్దెలున్నాయి కదండి. ఇంటికి ఐదు మొక్కలు. తొలకరి దాకా నీళ్ళు పొయ్యలేమా? నీళ్ళున్న మనమే పొయ్యలేకపోతే, లేనివాళ్ళకి ఎట్టా ఇస్తామండి?"

రఘురామ్ తల ఊపాడు. "గ్రూపులో మీరే పెట్టండి మేడం," అన్నాడు అలవాటు కొద్దీ.

"ఈసారికి పెడతాను," అంది విశాలాక్షి. "ఉగాది నుంచి నేను కార్యదర్శిగా ఉండనండి. రూబీ ఉంటానంటే ఆమె, లేకపోతే ఇంకెవరైనా."

ఆ మాట అనడానికి ఎన్నాళ్ళుగానో ధైర్యం కూడగట్టుకుంటోంది. తీరా అన్నాక అదేమంత పెద్ద మాటలా అనిపించలేదు. రూబీ మొదట వద్దంది. రెండు రోజులాగి ఫోన్ చేసి, "మీరు పక్కనుంటే చేస్తా అక్కా" అంది. "పక్కన ఉండను, ఫోన్లో ఉంటాను" అంది విశాలాక్షి. ఇద్దరూ నవ్వుకున్నారు.

నర్సరీ ప్రభుదాస్ పేచీ పెట్టలేదు. పూల మొక్కలు ఎప్పుడైనా అమ్ముడుపోతాయని, వాటి బదులు మునగ, కానుగ, బాదం, వేప ఇస్తానన్నాడు. ఉగాది వెళ్ళిన రెండో ఆదివారం బస్సు లేదు, బ్యానరు లేదు. సభ్యులే ఆటోల్లో, స్కూటర్ల మీద వచ్చి పార్కులోంచి మొక్కలు తీసుకెళ్ళాలి. అరవై మందిలో ముప్పై ఇద్దరు వచ్చారు. "ఇదేం ప్రోగ్రామండి, పని చెప్పడం తప్ప!" అని ఒకాయన రెండే పట్టుకెళ్ళాడు. అంగలకుదురు నుంచి ఒక జంట ఇరవై తీసుకెళ్ళారు. సాయంత్రానికి అరవై మొక్కలు మిగిలాయి. ఎండలో అవి తలలు వాల్చడం చూసి విశాలాక్షి ఆటో పిలిచింది.

ఇంటికొచ్చాక గురునాథం మెట్ల దగ్గర నిలబడి ఆటోలోకి తొంగి చూశాడు.

"కార్యదర్శి పని మానేశానన్నావు?"

"మానేశాను."

"మరి ఇవేంటి?"

"మిగిలిపోయాయి."

ఆయన రెండు చేతులా మొక్కలు పట్టుకుని మెట్లెక్కాడు. పదిహేను సార్లు ఎక్కి దిగాడు.

ఏప్రిల్, మే నెలలు ఎలా గడిచాయో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున ఐదింటికి లేచి నీళ్ళు పోయాలి, మళ్ళీ పొద్దువాలాక పోయాలి. ఒక్కోరోజు ఆవిడ, ఒక్కోరోజు ఆయన. రోహిణీకార్తెలో పాత చీరలు కలిపి కుట్టి పందిరి వేశారు. అయినా పదకొండు చనిపోయాయి. చనిపోయినప్పుడల్లా విశాలాక్షికి తేజస్విని గుర్తొచ్చేది. ఇన్ని నీళ్ళుండీ తనకు పదకొండు పోతే, ఆ అమ్మాయి ఒక్క గులాబీ కోసం అంత కుమిలిపోవాల్సి వచ్చిందే అనుకునేది. గ్రూపులో రూబీ వారానికోసారి అందరినీ అడిగేది, "మీ మొక్కలెలా ఉన్నాయండి?" కొందరు ఫోటోలు పెట్టేవాళ్ళు. కొందరు ఏ జవాబూ ఇచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ మొక్కలు పోయాయని అర్థం చేసుకుని రూబీ రెట్టించేది కాదు.

సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రోజుల్లో కోటమ్మ ఒకసారి ఫోన్ చేసింది. మగవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారనీ, ఈలోగా గుంటలు తీయించి చేపల పొట్టు, పేడ వేయిస్తాననీ చెప్పింది. "ఎక్కడెక్కడ నాటాలో మేం చూసుకున్నాం. మీరు మొక్కలు తెండి, చాలు. భోజనం మా ఇంటికాడే," అంది.

తొలకరి పది రోజులు ఆలస్యమైంది. రెండు మంచి వానలు పడ్డాక ఒక ఆదివారం మొక్కలన్నీ ఒక మినీలారీ ఎక్కాయి. మూడొందలకు నూట డెబ్భై మిగిలాయి. వెళ్ళింది తొమ్మిది మంది. రఘురామ్ తన కారులో వచ్చాడు. పాలెంలో దిగగానే అలవాటుగా ఫోన్ తీసి అందరినీ వరసగా నిలబెట్టబోయాడు. కోటమ్మ అత్త, వంగిపోయిన ముసలావిడ, కర్ర ఊపుతూ, "ముందు నాటండయ్యా, మబ్బు పోతంది" అంది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని చెప్పులు విప్పాడు.

గుంటలు నిజంగానే సిద్ధంగా ఉన్నాయి. చేపలు ఏరే చోట చుట్టూ ఎనిమిది బాదంలు, దారి పొడుగునా కానుగలు, ఇంటి వెనక మునగ. తేజస్విని చంకలో పిల్లనెత్తుకుని వచ్చి తన ఇంటి ముందు వేప నాటించుకుంది. "ఇది పోతే?" అని అడిగింది విశాలాక్షిని, నవ్వుతూనే.

"పోతే ఇంకోటి తెస్తాం. మా ఇంట్లో పదకొండు పోయాయి."

"మీ ఇంట్లోనా?" తేజస్విని నమ్మలేనట్టు చూసి, పెద్దగా నవ్వేసింది. "అత్తా, విన్నావా, మొక్కలమ్మగారింట్లో పదకొండు చచ్చినయ్యంట!" ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకున్నారు. విశాలాక్షికీ నవ్వొచ్చింది. ఏడేళ్ళలో సంఘం చేసిన ఏ పనిలోనూ ఆవిడ అంత తేలిగ్గా నవ్వలేదు.

మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనాలయ్యాయి. వెంకటరాఘవయ్యగారు చేప తినరని కోటమ్మ ముందే కనుక్కుని, పక్కింట్లో దోసకాయ పప్పు చేయించింది. అందరూ లారీలోనూ కారులోనూ సర్దుకున్నారు. విశాలాక్షి మాత్రం ఇంకెవరి మాటలూ వినే ఓపిక లేక, రైల్లో వస్తానని చెప్పి బాపట్ల స్టేషన్లో దిగిపోయింది.

బండి ఖాళీగా వచ్చింది. సన్నగా వాన మొదలైంది. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నదల్లా మళ్ళీ తెరిచేసరికి బండి ఆగి ఉంది, బయట బోర్డు మీద దుగ్గిరాల అని రాసి ఉంది. తెనాలి ఎప్పుడో దాటిపోయింది. గబగబా దిగింది. ప్లాట్‌ఫారం తడిసి ఉంది. పసుపు యార్డు నుంచి ఘాటైన వాసన వస్తోంది.

ఫోన్ మోగింది. సభ్యులొకరు. "మేడం, మా ఇంట్లో మల్లె..." అని మొదలుపెట్టారు.

"రూబీకి చెయ్యండి," అంది విశాలాక్షి, కసురుకోకుండా. "నంబరు గ్రూపులో ఉంది."

తర్వాత గురునాథానికి చేసి, నిద్రపట్టి దుగ్గిరాల వచ్చేశానని చెప్పింది. ఆయన అవతల నవ్వి, వెనక్కి వచ్చే బండి ఇంకో నలభై నిమిషాలకి ఉందనీ, మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఆగుతుందనీ, తొందరపడొద్దనీ చెప్పాడు. ఆవిడ తొందరపడలేదు. పొడిగా ఉన్న బెంచీ ఒకటి చూసుకుని, చెప్పులు విడిచి, ఇసుక అంటిన కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.